పదీ ఉంటే రేపు రా

పోయిన వారం మనం ఒక బొటనవేలి దగ్గర ఆగాం.

ఆ వేలు అక్కది. ఎడమ చేతిది. దానికి అప్పటికే సిరా అంటింది, కాగితానికి ఇంకా అంటలేదు. ‘నాలుగో నంబరు ప్రెస్సుకు ఉన్న ఇనప తడికను పని తొందరలో నా అంతట నేనే ఎత్తి కట్టుకున్నాను, జరిగినదానికి బాధ్యత నాదే’ అని టైపు చేసిన కాగితం అది. పదకొండు రోజుల కిందట ఆ ప్రెస్సు అక్క కుడి చేతి నాలుగు వేళ్ళు తీసుకుంది. పదో తరగతి దాకా చదివి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసే మనిషి చేత వేలిముద్ర వేయిస్తున్నారంటే అందుకే. సంతకం చేసే చేయి కట్టులో ఉంది.

సరిగ్గా ఆ వేలు కాగితం మీదికి వంగుతున్నప్పుడు మేనేజరు గది తలుపు ధడేలున తెరుచుకుంది.

“ఆ వేలు తియ్యక్కా!”

వచ్చింది రంపం. అక్కకి ఒక్కతే చెల్లెలు. ఇరవై రెండేళ్ళది, అదే మూతల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. హాజరు పట్టీలో ఉన్న పేరుతో ఆమెని ఎవరూ పిలవరు. నోరు తెరిస్తే తడి చెక్కని కోస్తున్నట్టుండే గొంతు వల్ల పడ్డ పేరది. ఆ గొంతుతోనే ర్యాప్ కడుతుంది. ఆమె కట్టిన ‘పదీ ఉంటే రేపు రా’ నెల రోజులుగా ఆ ఫ్యాక్టరీలో ఫోనున్న ప్రతి జేబులోనూ మోగుతోంది.

“ఈ అమ్మాయిని పైకి ఎవరు రానిచ్చారు?” అన్నాడు మేనేజరు. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా ‘టీ తాగావా’ అని అడిగి మరీ తీసేస్తాడని అతనికి పేరు.

“మెట్లున్నాయిగా సార్. ఎక్కి వచ్చాను.”

బల్లకి అవతల కూర్చున్న ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. ప్రమాదాల మీద విచారణకి ప్రభుత్వం పంపిన మనిషి ఆమె. పొద్దుటి నుంచి రాస్తూనే ఉంది. పక్కన టీ మీద మీగడ కట్టింది.

“మీరెవరు?”

“ఆవిడ చెల్లెల్ని. సాక్షిని.”

“ప్రమాదం చూశారా?”

“చూళ్ళేదు మేడం. విన్నాను. అది జరగడానికి ఇరవై రోజుల ముందే విన్నాను.”

గోడకి ఆనుకుని నిలబడ్డ బావ అప్పుడు తలెత్తాడు. అక్క భర్త. ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. టోపీ చేతిలో నలుగుతోంది, ప్యాంటు జేబులోంచి కటింగ్ ప్లయరు ఎర్ర పిడి బయటికి కనబడుతోంది. “నీకెందుకే ఇవన్నీ?” అన్నాడు నెమ్మదిగా. “వైద్యం వాళ్ళే చేయిస్తామన్నారు. ముద్ర వేసేసి ఇంటికి పోదాం. మీ అక్క కూర్చోలేకపోతోంది, చూడు.”

“ముద్ర వేస్తే తప్పు అక్కదవుతుంది బావా. రేపు మూడో నంబరు మీద ఇంకొకరి చేయి పోతే ‘చూశారా, వీళ్ళకిది అలవాటే’ అంటారు. అప్పుడు వాళ్ళింటికి వెళ్ళి ఏం చెబుదాం? మా అక్క కూర్చోలేకపోయింది, అందుకని నీ చేయి పోయింది అని చెబుదామా?”

బావ మళ్ళీ టోపీ వైపు చూసుకున్నాడు.

రంపం గబగబా వెళ్ళి కిటికీ రెక్క తోసింది. కింద ప్రెస్సుల హాలు. ఎనిమిది మిషన్లు, ఎనిమిది వంగిన వీపులు. వాటి వెనక గోడ మీద, మనిషెత్తు అక్షరాలతో, ‘భద్రతే మా మొదటి మాట’.

“చెవి పెట్టి వినండి మేడం.”

టిక్... ధబ్. టిక్... ధబ్.

“టిక్ అంటే తడిక కిందికి దిగి గడియ పడిందని. గడియ పడ్డాకే పైనుంచి అచ్చు దిగుతుంది, ధబ్‌మని. తడిక దిగి ఉంటే చేయి లోపల ఉండదు. ఉండాలన్నా ఉండదు. ఇవాళ ఎనిమిదీ ఎంత బుద్ధిగా టిక్కుమంటున్నాయో చూశారా? మీరొస్తున్నారని తెల్లవారుజామునే కట్లు విప్పించారు. నిన్న వచ్చి ఉంటే ఒక్క టిక్కు కూడా వినబడేది కాదు.”

“కథ బాగా చెబుతుంది,” మేనేజరు నవ్వాడు. “పాటలు కూడా కడుతుంది లెండి.”

“కడతాను సార్. దాచుకునేదేముంది? మీరే ఒకసారి వినండి.”

ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

ముందు మిషను మోగింది. ధబ్. ధబ్. ధబ్. దాని మీద రంపం గొంతు పడింది.

*మూత నీకు మెరుస్తుంది, మా మొహం అందులో కనబడదు,*
*కోత పడ్డ రోజు తప్ప మా పేరు నీకు వినబడదు.*
*ధబ్! ఇది మా అక్క నడుము.*
*ధబ్! ఇది నీ మేడకి మెట్టు.*
*ధబ్! ఇది నే మింగిన మాట.*
*ధబ్! ఇదిగో, కక్కుతున్నా, పట్టు!*
*నీళ్ళు తాగితే నిమిషం కోత, నిలబడితే నిందల మోత,*
*వేళ్ళు చూసి వెళ్ళనిస్తావ్, గేటు కాడ కాపలా తాత!*
*పదీనా? పదీ. పదీనా? పదీ.*
*పదీ ఉంటే రేపు రా, పోతే నీ ఖర్మ, పో!*

ఆ చల్లటి గదిలో ఆ పాట పరాయి ఇంట్లోకి బురదకాళ్ళతో వచ్చినట్టు వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆపింది.

“ఈ ‘పదీనా’ ఏమిటి?”

జవాబు అక్క చెప్పింది. పొద్దుటి నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు. “షిఫ్టు అయ్యాక మేం వెళ్ళొస్తామని చెప్పుకోం మేడం. చేతులు కడుక్కునే చోట రెండు చేతులూ ఎత్తి చూపించి ‘పదీనా’ అని అడుగుతాం. అవతలి మనిషి చూసి ‘పదీ’ అంటుంది. అంటే వేళ్ళన్నీ ఉన్నాయని. పాతవాళ్ళు పెట్టిన అలవాటు.” కట్టు ఒడిలో సర్దుకుని, “సరదాకే లెండి,” అంది.

ఇన్‌స్పెక్టరమ్మ కలం మళ్ళీ కదిలింది.

హాల్లో పక్కమనిషితో మాట్లాడితే జీతంలో కోత. అయినా మాట్లాడాలనుకుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందులో మాటని ఇరికించాలి. ప్యాకింగుకి మారకముందు రంపం రెండేళ్ళు అక్క పక్కన, అయిదో నంబరు మీద కూర్చుంది. ర్యాప్ ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆ సందే నేర్పింది.

“ఇప్పుడు అసలు సంగతి వినండి మేడం,” అంది. “ఈ పాట కింద మోగేది నాలుగో నంబరే. నేనే రికార్డు చేశాను. హాల్లోకి ఫోను తేకూడదు, తెచ్చాను. నా తప్పు అదొక్కటే, రాసుకోండి. షిఫ్టు మారే అరగంటలో పొద్దుటివాళ్ళు వెళ్ళిపోయారు, రెండో షిఫ్టు వాళ్ళు రాలేదు, మిషను పరీక్షకి తిరుగుతోంది. మనుషుల గోల ఉండదని మూతల బుట్ట అడుగున ఫోను పెట్టేసి భోజనానికి పోయాను. పాట బయటికొచ్చిన తేదీ ఇదిగో. ప్రమాదానికి ఇరవై రోజుల ముందు. ఇందులో టిక్కు విన్నారా? లేదు. వట్టి ధబ్, ధబ్, ధబ్. అంటే తడిక అప్పటికే ఎత్తి కట్టేసి ఉంది. మరి మా అక్క ఆ రోజు పని తొందరలో కట్టుకుందని ఎలా టైపు చేశారు?”

అక్క ఆశగా చెల్లెలి మొహంలోకి చూసింది. సిరా వేలు కాగితానికి ఒక జానెడు దూరం జరిగింది.

మేనేజరు మాత్రం తొణకలేదు. బల్ల మీద గంట నొక్కాడు. “కింద కూర్చున్నాయన్ని పైకి రమ్మను.”

వచ్చినవాణ్ణి చూసి రంపం నోరు తెరుచుకుంది.

డబ్బా.

వెనకవీధిలో ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. ముప్పయ్యేళ్ళవాడు, రంపం కట్టే ప్రతి పాటకీ తాళం పేర్చేది అతనే. ఊడిన మరమేకు దగ్గర్నుంచి పగిలిన తెర దాకా దేన్నీ పారేయక డబ్బాల్లో దాచుకుంటాడని ఆ పేరు. ఇవాళ నుదుటి మీద చెమట పట్టి ఉంది. రంపం వైపు చూడలేదు.

“ఈ పాటకి తాళం మీరే కట్టారా?” మేనేజరు మర్యాదగా అడిగాడు.

“నేనే.”

“మిషను చప్పుడు ఉన్నది ఉన్నట్టే వాడారా? ఏమన్నా తీసేశారా?”

డబ్బా నుదురు తుడుచుకున్నాడు. “తీశాను.”

“ఏమిటది?”

“టిక్కు.”

రంపం ఒక్క ఉరుకున వెళ్ళి అతని చొక్కా పట్టుకుంది.

“ఒరేయ్ డబ్బా! ఎప్పుడు అమ్ముడుపోయావురా? నా పక్కన కూర్చుని, నా చేతి టీ తాగి...”

“చొక్కా వదులు.”

“వదలను. మా అక్క చేతికేసి చూసి చెప్పరా ఆ మాట!”

“వీళ్ళు పొద్దున్న కొట్టుకొచ్చి అడిగారు. ఉన్నది చెప్పాను. అబద్ధమాడమంటావా? టిక్కు తీసింది నేను. తియ్యమంది ఎవరే?” డబ్బా గొంతు కూడా లేచింది. “ఆ సాయంత్రం ఏడోసారి పాడుతున్నావు. ‘కోత పడ్డ రోజు’ దగ్గర ప్రతిసారీ తట్టుకుని పడుతున్నావు. ‘ఆ టిక్కు పంటికింద రాయిలా తగులుతోందిరా, తీసిపారేయ్’ అన్నావు. తీశాను. అప్పుడు ఒక్క ఊపున పాడేసి, కొట్లో స్టూలెక్కి గంతులేశావు. గుర్తులేదూ?”

గుర్తొచ్చింది. స్టూలు కాలు విరగడం కూడా గుర్తొచ్చింది.

రంపం చేతివేళ్ళు వాటంతటవే చొక్కా వదిలేశాయి. నిన్న రాత్రంతా ఆ పాటనే మళ్ళీ మళ్ళీ విని, టిక్కు లేదని తెలిసి, ‘దొరికారు దొంగలు’ అని ఎగిరి గంతేసింది. ఆ పాటని కోసి కుట్టించింది తనేనన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. నిజాన్నే పాడతానని వీధి వీధినా చెప్పుకుంది. గంటకి ఇంకో రెండొందల మూతలు రావాలని వాళ్ళు తడిక తీశారు. మాట నున్నగా జారాలని తను టిక్కు తీసింది. అక్క చేతిని కాపాడే చప్పుడు ఇద్దరికీ అడ్డమే అయింది.

ఒళ్ళు మండిపోయింది. ఇందాకటి దాకా ఆ మంట ఎవరి మీదో స్పష్టంగా ఉండేది.

“పాపం, చిన్నపిల్ల,” అన్నాడు మేనేజరు. సిరా డబ్బాని రెండు వేళ్ళతో అక్క వైపు జరిపాడు. “కానియ్యమ్మా. వేలికి సిరా ఆరిపోతోంది.”

బావ ముందుకొచ్చి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. “వేసెయ్యి. ఇంక లాగకు.”

అక్క చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే భరించలేకపోయింది రంపం. తిట్టి ఉంటే బాగుండును.

“ఒక్క నిమిషం,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. కలం మూత పెట్టలేదు. “టిక్కు తీసేశానన్నారు. తీసేయకముందు ఉన్న రికార్డింగు ఏమైంది?”

డబ్బా మొహం మొదటిసారి తేటపడింది. “నేను దేన్నీ పారేయను మేడం.” జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, మూత తెరిచి, గోరంత మెమరీ కార్డు ఒకటి ఏరాడు. “మొత్తం పదకొండు నిమిషాలుంది. నేను వాడుకుంది మొదట్లో నాలుగు సెకండ్లు. వాటినే తిప్పి తిప్పి వేశాను. మిగతాది నేనూ వినలేదు, ఇదీ వినలేదు.”

“వినకుండానే వదిలేశారా?”

“మిషను చప్పుడు మేడం. పదకొండు నిమిషాలూ ఎవరు వింటారు?”

మేనేజరు టీ కప్పు కింద పెట్టాడు. పెట్టి, ఒకే ఒక్కసారి, బావ వైపు చూశాడు. “మేడం, అయిదింటికి నాకు మీటింగుంది.”

“నాకు ఇక్కడే ఉంది,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. రంపంతో అంది, “ఇందులో టిక్కు లేని చోటేదైనా ఉంటే వెతికి పెట్టండమ్మా. ఈలోగా ఈయన చెప్పింది రాసుకుంటాను. తర్వాత అందరం కలిసి విందాం.”

డబ్బా తన ఫోనుకి చిన్న రీడరు తగిలించి కార్డు దూర్చాడు. ఇయర్‌ఫోన్లు రంపం చేతిలో పెడుతూ గొణిగాడు, “జాగ్రత్త. ఉన్నది ఇదొక్కటే. దీనికి నకలు లేదు.”

ఆమె చెవుల్లో పెట్టుకుని నొక్కింది.

టిక్... ధబ్. టిక్... ధబ్. టిక్... ధబ్.

ఎంత స్పష్టంగా ఉందో! ప్రతి దెబ్బకీ ముందు గడియ పడుతూనే ఉంది. అంటే ఆ రోజు తడిక ఉంది, పనిచేస్తోంది. సాక్ష్యం తెచ్చానని మెట్లెక్కి వచ్చి, కంపెనీ వాళ్ళకే సాక్ష్యం తెచ్చి ఇచ్చింది తను. రెండు నిమిషాలు. మూడు. టిక్, ధబ్. రంపం పళ్ళు బిగించి విన్నది. వింటున్నకొద్దీ ఆ టిక్కు అక్క కళ్ళు ఆర్పుతున్న చప్పుడులా ఉంది. అయిదు నిమిషాలు. ఆరు.

ఏడో నిమిషంలో మిషను ఆగిపోయింది.

అడుగుల చప్పుడు. ఒక గొంతు. అసలు పెంచని గొంతు.

“టీ తాగావా?”

రంపం కళ్ళు ఠక్కున పైకి లేచాయి. అదే గొంతు మనిషి ఎదురుగా కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

“తాగాను సార్.” ఈ రెండో గొంతు వినగానే ఆమె ఇయర్‌ఫోను చెవిలోకి ఇంకా నొక్కుకుంది. చిన్నప్పుడు జడలో రిబ్బను కట్టించుకున్నప్పటి నుంచి ఎరిగిన గొంతది.

“గంటకి నాలుగొందలు దాటట్లేదు. ఆరొందలు కావాలి. ఆ తడిక దిగడానికీ లేవడానికీ సగం టైము పోతోంది. ఎత్తి కట్టేయ్.”

దూరంగా ఎవరో కొళాయి తిప్పారు.

“సార్... రెండో షిఫ్టులో దీని మీద కూర్చునేది మా ఆవిడ సార్.”

“తెలుసు. చెయ్యి తిరిగిన మనిషి. జాగ్రత్తగా చేసుకోమని చెప్పు.”

కొళాయి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ‘కాదని చెప్పు బావా,’ అనుకుంది రంపం. జరిగిపోయి నెల దాటిన సంగతని తెలిసి కూడా, పిడికిళ్ళు బిగించి అనుకుంది. ‘ఒక్క మాట. కాదని ఒక్క మాట.’

ఇనప తీగ చుట్టుకుంటున్న గరగర. కటుక్ అని ప్లయరు కొరికిన చప్పుడు. ఆ వెంటనే మిషను లేచింది. ధబ్ ధబ్ ధబ్ ధబ్. టిక్కు లేదు. ఊపిరి పీల్చుకునే సందు లేదు. ఆ చప్పుడు మీద, మిషనుని దాటేలా గొంతు పెంచి బావ అన్నాడు.

“సార్, ఒక్కటి. కట్టింది నేనని మా ఆవిడకి తెలియకూడదు.”

“ఎందుకు తెలుస్తుంది? పొద్దుటి షిఫ్టు వాళ్ళు కట్టారని చెప్పు.”

పొద్దుటి షిఫ్టు వాళ్ళు. ఆ రోజు అన్నాల దగ్గర అక్క అడిగింది, ‘ఎవరండీ నా మిషను తడిక కట్టేసింది’ అని. కంచంలోంచి తలెత్తకుండా బావ ఆ మాటే, అక్షరం పొల్లుపోకుండా, అప్పజెప్పాడు. మర్నాడు అక్క పొద్దుటి షిఫ్టు ఆడవాళ్ళతో తగవు వేసుకుంది. వాళ్ళతో మాటలు పోయాయి. అందుకే ఇవాళ ఆమె తరఫున ఆ మెట్లెక్కి వచ్చిన మనిషి చెల్లెలు తప్ప ఇంకొకరు లేరు. పైగా రోజూ పొద్దున్నే ‘తడిక సరిగా ఉంది’ అని రిజిస్టరులో పడే సంతకం కూడా బావదే. ప్రమాదం జరిగాక, చూడకుండా సంతకం పెట్టేశానని ఏడ్చాడు. అక్కే ఓదార్చింది.

ఈ పదకొండు రోజులూ అక్కకి ముద్ద కలిపి నోట్లో పెడుతున్నది ఆ చెయ్యే. జుట్టు దువ్వుతున్నదీ ఆ చెయ్యే. రాత్రిళ్ళు కట్టు మీద ఈగ వాలకుండా విసురుతున్నదీ అదే.

రంపం అతని వైపు చూసింది. బావ కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె మొహంలో ఏం చదివాడో, చేతిలోని టోపీ కింద పడింది. తీసుకోలేదు.

వినిపిస్తే అక్క పేరు నిలబడుతుంది. ఆ గదిలోంచి తప్పు ఆమెది కాదని రాసిన కాగితంతో బయటికి నడుస్తుంది. కానీ ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తుంది?

“ఏమైందే?” అక్క అడిగింది. “టిక్కు లేని చోటు దొరికిందా?”

“లేదక్కా. ఏం లేదు.”

“అబద్ధం.”

“నిజం.”

“అబద్ధమాడితే నీ గొంతు నున్నగా అయిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.” అక్క కుర్చీలో ముందుకి జరిగింది. “ఇలా ఇవ్వు. ఎనిమిదేళ్ళు దాని ముందు కూర్చున్నాను. దాని నాడి నాకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు.”

మేనేజరు లేచి నిలబడ్డాడు. “మేడం, ఇది కంపెనీ ఆవరణలో అనుమతి లేకుండా చేసిన రికార్డింగు. సాక్ష్యంగా చెల్లదు. ఆ కార్డు కంపెనీ సొత్తు. ఇలా ఇచ్చెయ్యమ్మా.” ఆ ఆఖరి మాటకి, ఇన్నేళ్ళలో మొదటిసారి, అతని గొంతు పెరిగింది.

అది ఇన్‌స్పెక్టరమ్మ కూడా గమనించింది. “ఇవ్వాల్సింది నాకు,” అంటూ చెయ్యి చాపింది.

బల్ల మీదుగా మేనేజరు చెయ్యి వచ్చింది. ఇటు నుంచి సిరా అంటిన అక్క చెయ్యి వచ్చింది. రంపం ఫోనుని గుండెలకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

వెనక బావ ఉన్నాడు.

అందరికంటే ముందు అందుకున్న చెయ్యి అతనిదే. రెప్ప వేసేలోగా రీడరు లాగి, కార్డు ఊడదీశాడు. మరలు విప్పడంలో ఇరవై ఏళ్ళ పనితనం ఉన్న వేళ్ళకి అదెంత పని? గోరంత కార్డు ఎడమ చేతి వేళ్ళ మధ్య ఉంది. కుడి చేయి జేబులోంచి ఎర్ర పిడి ప్లయరు తీసింది.

“బావా!” రంపం అరిచింది. “దాన్ని ముట్టుకున్నావంటే...”

“శభాష్,” అన్నాడు మేనేజరు, మళ్ళీ మెత్తగా. “నువ్వు తెలివైనవాడివి. కానియ్యి.”

డబ్బా ముందుకి దూకబోయాడు. బావ ప్లయరు ఎత్తి చూపించేసరికి అక్కడే ఆగిపోయాడు. బావ కళ్ళు మాత్రం అక్క కట్టు మీద ఉన్నాయి.

అక్క అరవలేదు. కుర్చీ పట్టుకుని మెల్లిగా లేచింది. ప్లయరు వైపు చూసింది. నేల మీద పడ్డ టోపీ వైపు చూసింది. మేనేజరు నవ్వు వైపు చూసింది. ఆఖరికి చెల్లెలి మొహం చూసింది. అక్కడ దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎనిమిదేళ్ళు మిషను ముందు కూర్చున్న మనిషి. ఏ చప్పుడు ఆగిపోయిందో వినకుండానే తెలుసుకుంది.

చేతులు కడుక్కునే చోట ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తింది. కుడిది కట్టుతో, ఎడమది సిరాతో.

“ఏమండీ,” అంది. “షిఫ్టు అయ్యాక రోజూ గేటు దగ్గర మీరే అడిగేవారు, పదీనా అని. ఈ పదకొండు రోజులూ అడగలేదు. ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు.”

అక్క ఎత్తిన చేతులు దించలేదు.

“నావి ఆరండీ. ఆ ఆరూ చాపి అడుగుతున్నాను. ఇలా ఇవ్వండి.”

కింద హాల్లో ఎనిమిది మిషన్లూ టిక్, ధబ్ అంటూనే ఉన్నాయి.

బావ చేతిలో ప్లయరు నోరు తెరిచింది.

(సశేషం)